ఖరాబు కాని రీలు

ముప్పై ఏళ్లు దాటింది. ఒక ఆడమనిషి మా గుమ్మంలో నిలబడి నన్ను ఒకటి అడిగింది. లేదన్నాను. అది నా దగ్గరే ఉంది. లోపలి గదిలో, ఆమె నిలబడ్డ చోటికి పది అడుగుల దూరంలో ఉంది. అయినా లేదన్నాను.

నేను చేసింది ఇదే. చెప్పడానికి ఒక నిమిషం పట్టలేదు. కానీ ఆ నిమిషాన్ని మోస్తూనే ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను, భార్యను కాటికి పంపాను. ఆమెకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను. నా ముఖం మీకు కనిపించదు, మీ ముఖం నాకు కనిపించదు. క్షమించమని అడగను. క్షమించాల్సిన వాళ్లు మీరు కాదు.

పోలీసు యాక్షన్‌కు ముందు నాలుగేళ్ల మాట. సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరాను. రెజిమెంటల్ బజార్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. మా ఆఫీసు రిజిస్టర్లను కుట్టి, అట్టలేసి జిల్దులు కట్టేవాడు ఇమాం. బజార్లో అతనికి చిన్న దుకాణం ఉండేది. ముందు గదిలో జిగురు, అట్టలు, తోలు ముక్కలు, పుస్తకాలు నొక్కే ఇనుప మర. వెనక గదిలో ఒక చాప, కమానుతో వాయించే ఒక దిల్‌రుబా, ఒక కెమెరా.

ఇమాం వాళ్లది భువనగిరి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. నాకన్నా ఆరేళ్లు పెద్ద. నేను ఇమామన్నా అనేవాణ్ణి. అతను నన్ను తమ్మీ అనేవాడు. మొదటిసారి రిజిస్టర్లు తేవడానికి వెళ్లిన రోజు వెనక గదిలోంచి దిల్‌రుబా వినిపించింది. రిజిస్టర్ల సంగతి మరిచిపోయి నిలబడిపోయాను. నాకూ సంగీతం పిచ్చి ఉంది. మా మేనమామ ఇచ్చిన పాత హార్మోనియం ఉంది, కానీ దాని తిత్తి చినిగి గాలి నిలిచేది కాదు. అది చెప్పాను. మర్నాడు తీసుకురమ్మన్నాడు. మేక తోలును ఉల్లిపొరంత పలచగా చెక్కి, మడతల దగ్గర అతికి, తిత్తిని కొత్తదాన్ని చేసి ఇచ్చాడు. అదే తోలు ముక్కలో మిగిలిన దాన్ని తన కెమెరా తిత్తికి వేశాడు. ఆ కెమెరా కంటోన్మెంట్‌లో ఉన్న ఒక తెల్ల ఆఫీసరుది. ఆయన ఊరు వెళ్లిపోతూ తన ఫొటోలన్నిటికీ ఆల్బములు కట్టించుకుని, బదులుగా కెమెరా ఇచ్చి వెళ్లాడు. జర్మనీ కెమెరా. మూసి ఉన్నప్పుడు చిన్న పుస్తకంలా ఉంటుంది. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, నల్ల తిత్తి చివర కన్ను బయటికి వస్తుంది.

సెలవు రోజు వచ్చిందంటే ఇద్దరం సైకిళ్ల మీద బయలుదేరేవాళ్లం. రీలుకు ఎనిమిది ఫొటోలు. ఎనిమిదీ అతను ఊరికే ఖర్చు పెట్టేవాడు కాదు. ఒక గోడ నీడ ముందు గంటసేపు కూర్చునేవాడు. నేను ఎండ చూసి, దూరం అడుగుల్లో కొలిచి, ఎంతసేపు తెరవాలో చెప్పేవాణ్ణి. ఆ లెక్కలన్నీ నాకు బాగా వచ్చు. ఎప్పుడు నొక్కాలో మాత్రం అతనికే తెలుసు. నేను నొక్కిన ఫొటోలు శుభ్రంగా ఉండేవి. అతని ఫొటోల్లో మనుషులు ఉండేవారు. ఈ తేడా నాకు మొదటి నెలలోనే అర్థమైంది. నేను దాన్ని ఒప్పుకోలేదు. ఆ కెమెరా నాదైతే నాకూ వస్తుందిలే అనుకున్నాను. దాని దగ్గరే మొదలైందా అంతా? ఇప్పుడు వెనక్కి చూస్తే అలాగే అనిపిస్తుంది. అప్పుడైతే అది ముచ్చట అనుకున్నాను.

రీళ్లు కడిగేది అతని వెనక గదిలోనే. పట్టపగలే కిటికీకి గొంగళి కట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, ఎర్ర గాజు చిమ్నీ దీపం ఒకటి పెట్టుకునేవాళ్లం. పళ్లెంలో మందు నీళ్లు పోసి, రీలును రెండు చివర్లా పట్టుకుని, కిందికీ పైకీ ముంచుతూ ఉండాలి. ఎంతసేపు అనేది ముఖ్యం. ఆ వెలుతురులో గడియారం కనిపించేది కాదు. అందుకని ఇమాం ఒక గత్, వాద్యం మీద వాయించే వరస, పాడేవాడు. అతను కట్టుకున్నదే. మాటలు లేవు, సరిగమలు కూడా లేవు, ఊరికే గొంతులో తీసేవాడు. అది నాలుగుసార్లు అయితే రీలు తయారు. నాలుగో ఆవృత్తిలో నల్లటి నీళ్లలోంచి తెల్లని ఆకాశం నల్లగా, నల్లని జుట్టు తెల్లగా పైకి తేలేది. అతను పాట ఆపకుండానే నా వైపు చూసి నవ్వేవాడు. ఆ గదిలో ఉన్నంత సంతోషంగా నేను ఇంకెక్కడా లేను. ఇది అబద్ధం కాదు. ఈ రాతలో ఎన్ని మాటలు మీరు నమ్మకపోయినా ఇది నమ్మండి.

ఆ తర్వాత రోజులు చెడిపోయాయి. బజార్లో ఖాకీ బట్టల వాళ్లు కవాతులు చేయడం మొదలుపెట్టారు. చాలామంది భార్యా పిల్లల్ని సరిహద్దు అవతలికి పంపారు. నేనూ నా భార్యను బెజవాడలో వాళ్ల అక్కగారింటికి పంపాను. రజాకార్లు ఇమాం దుకాణానికి రెండుసార్లు వచ్చారు. కవాతుకు రమ్మన్నారు. ఛాతీలో జబ్బు ఉందని తప్పించుకున్నాడు. మూడోసారి వచ్చి తమ రిజిస్టర్లకు జిల్దులు కట్టి ఇవ్వమన్నారు. దానికి కాదనలేకపోయాడు. కట్టి, తానే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. అక్కడికి వెళ్లడం నలుగురూ చూశారు.

బయటి సరుకు రావడం ఆగిపోయింది. ఫిల్మ్ దొరకదు, మందులు దొరకవు. అతని దగ్గర ఒకే ఒక రీలు మిగిలింది. ఉంచుకుందామన్నాను. "ఉంచి ఏం జేస్తం తమ్మీ, రేపు మనమే ఉంటమో ఉండమో" అన్నాడు. శ్రావణమాసంలో ఒక పొద్దున కాప్రా చెరువు వైపు వెళ్లాం. వాన వెలిసి ఎండ పడింది. చెరువు నిండుగా ఉంది. ఏడు ఫొటోలు అక్కడే అయిపోయాయి. ఎనిమిదోదానికి ఎక్కడా కుదరక తిరిగి వస్తుంటే, కట్ట దిగువన ఒక పెళ్లిబండి బురదలో దిగబడిపోయి ఉంది. ఆ తెల్లవారుజామునే పెళ్లయిందట. పెళ్లికూతురు, పెళ్లికొడుకు బండి దిగి పక్కన నిలబడ్డారు. వాళ్ల మెడల్లో దండలు తడిసి వేలాడుతున్నాయి. చుట్టాలు ఎద్దుల్ని అదిలిస్తున్నారు. ఇమాం కెమెరా నా చేతికిచ్చి, సైకిల్ పారేసి పరుగెత్తి చక్రానికి భుజం ఆనించాడు. బండి కదిలింది. అందరూ నవ్వారు. అతను చక్రం పట్టుకుని అక్కడే నిలబడి నా వైపు తిరిగి అరిచాడు.

"ఇప్పుడు, తమ్మీ! ఇప్పుడు నొక్కు!"

నొక్కాను. పెళ్లికూతురు నవ్వు ఆపుకుంటూ కింది పెదవి కొరుక్కుంటోంది. పెళ్లికొడుకు ఆమెకేసి చూడాలా వద్దా అని చూస్తున్నాడు. ఆమె పక్కనే చక్రం మీద చెయ్యి వేసి, మోకాళ్ల దాకా బురదతో ఇమాం. నొక్కింది నా వేలు. ఫొటో మాత్రం అతనిది.

వచ్చేటప్పుడు మల్కాజిగిరి దాటుతుండగా బజారు వైపు నల్లటి పొగ కనిపించింది. కట్టెల అడితి తగలబడుతోంది. ఖాకీ బట్టల వాళ్లు పొద్దున పది గంటల వేళ వచ్చి నిప్పు పెట్టారని దారిలో చెప్పారు. అడితిలో కాపలా ముసలాయన కాలిపోయాడు. ఇమాం సైకిల్ దిగి చాలాసేపు ఆ పొగను చూశాడు.

నెల తిరగకుండానే మిలిటరీ ట్రక్కులు వచ్చాయి. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. రోడ్ల మీద జనం దండలు వేశారు. మా సందులో వాళ్లూ వేశారు, నేనూ వేశాను. ఆ సంతోషం నిజమైనదే. అదే రోజు బజార్లో సగం దుకాణాల తలుపులు తెరుచుకోలేదు. ఏ సగమో మీకు చెప్పనక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఇమాం ఒక దుప్పటి మూటతో మా ఇంటికి వచ్చాడు. అందులో కెమెరా, దిల్‌రుబా, కడిగిన ఫిల్ముల డబ్బా, మందుల సీసాలు ఉన్నాయి. చివరి రీలు ఇంకా కెమెరాలోనే ఉంది.

"నీ తాన ఉంచు తమ్మీ. జెర సల్లబడ్డంక తీస్కపోత. వీలైతే రీలు కడుగు. తేమకు ఖరాబైతది" అన్నాడు.

వారం తర్వాత పోలీసులు అతన్ని తీసుకుపోయారు. అడితి యజమాని తన కళ్లతో చూశానని చెప్పాడు. నిప్పు పెట్టిన వాళ్లలో ఇమాం ఉన్నాడని ప్రమాణం చేశాడు. ఆయన్ని నేను నిందించను. ఖాకీ బట్టల్లో పరుగెత్తే వాళ్లందరూ ఆయనకు ఒకే మనిషిలా కనిపించి ఉంటారు. రిజిస్టర్లు మోసుకెళ్లిన ఇమాం ముఖం అప్పటికే ఆయన మనసులో ఉండి ఉంటుంది. ఆయన పొరబడ్డాడు. నేను పొరబడలేదు. నాకు తెలుసు.

ఆ వార్త విన్న మర్నాడు కిటికీకి గొంగళి కట్టాను. రీలు కడిగాను. ఒక్కణ్ణే. ఎర్ర వెలుతురులో ఎంతసేపని తెలియక అతని గత్ నేనే ఎత్తుకున్నాను. గొంతు సరిగా రాలేదు. నాలుగుసార్లు పాడాను. ఎనిమిది ఫొటోలూ వచ్చాయి. ఎనిమిదోది అన్నిటికన్నా బాగా వచ్చింది. తడి ఫిల్మును కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే చక్రం ఆకులు లెక్కపెట్టొచ్చు.

అప్పటికి నా ఉద్దేశం మంచిదే అనుకుంటాను. అనుకుంటాను అంటున్నాను. కాగితం మీదికి ఎక్కించి, ఎండలో ఆరబెట్టి, పట్టుకెళ్లి చూపిద్దామనే అనుకున్నాను. కాగితం మీదికి ఎక్కించాను కూడా. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. ఆఫీసులో జాబితాలు తయారవుతున్నాయి. ఎవరు ఎవరితో తిరిగారో రాస్తున్నారు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే అతన్ని, ఎవరో రజాకారు పెళ్లిలో భోజనం చేశాడని ఇంటికి పంపేశారు. రేపు పోదాం అనుకున్నాను. మళ్లీ రేపు అనుకున్నాను.

అప్పుడు హుసేన్‌బీ వచ్చింది. ఇమాం భార్య. అంతకు ముందు ఎన్నిసార్లో ఆమె చేతి రొట్టె తిన్నాను. మిట్టమధ్యాహ్నం. ఎండలో నడిచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"తమ్మీ, ఆయనను చూడనిచ్చిండ్రు నిన్న. అడితి కాలిన దినం మీరిద్దరు చెరువు కాడ ఉన్నరట గదా. పెండ్లి బండి ఫొటో తీసిండ్రట. గా ఫొటో జెర ఇయ్యి" అంది.

నా చూపు లోపలి గది వైపు పోయింది.

"గా పెండ్లోల్లు ఏ ఊరోల్లో ఆయనకు ఎర్కలేదంట. మొఖాలు జూపెట్టుకుంట కాప్రా చుట్టు ఊర్లన్ని తిరుగుత. ఎవలన్న గుర్తు పడ్తరు. పెండ్లి ఏ దినమైందో ఊరంత చెప్తది గదా తమ్మీ. అబద్ధమాడెటోల్లు కాదు గదా."

అంతా ఆలోచించుకుని వచ్చింది. ఆమె చెప్పిందాంట్లో ఎక్కడా లోటు లేదు. ఆ ఫొటో ఆమె చేతిలో పెడితే చాలు. మిగతాది ఆమె చేసుకునేది.

"వదినా, రీలు ఖరాబైంది" అన్నాను.

"ఏందీ?"

"తేమ పట్టింది. కడిగిన. ఏం రాలే."

"ఒక్కటి సుత రాలేదా?"

"ఒక్కటి సుత రాలే."

ఆమె గుమ్మం పట్టుకుంది. మళ్లీ తలెత్తింది.

"పోనియ్. నువ్వే వచ్చి ఒక్క మాట చెప్పు. గా పొద్దు నీ తోటే ఉండెనని చెప్పు. హిందువుల పిల్లగానివి, సర్కారు నౌకరీ ఉన్నోనివి. నీ మాట ఇంటరు."

"అడితి కాలిన దినమో, ముందు దినమో నాకు పక్క యాదికి లేదు వదినా. తప్పు చెప్తే ఆయనకే తక్లీఫైతది."

"వచ్చెటప్పుడు పొగ జూసిండ్రట గదా?"

"ఏమో వదినా. యాదికి లేదు."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. ఒక లెక్క సరిపోక మళ్లీ మొదటి నుంచి చేసుకునే వాళ్లలా చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది.

"సరే తియ్. సామాను పదిలంగున్నదా అని అడగమన్నడు."

"పదిలంగున్నది."

"నీ తాన్నే ఉండని. మా ఇంట్ల ఉంటె ఎవలన్న గుంజుకపోతరు. ఆయన వచ్చినంక చూస్కుందాం."

వెళ్లిపోయింది. ఇప్పుడు మీకు అసలు సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోనిది. ఆమె ఆ చివరి మాట అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. సిగ్గుతో, భయంతో చెమటలు పట్టి ఉన్న ఆ నిమిషంలోనే, వాటి అడుగున ఎక్కడో, కెమెరా నా దగ్గరే ఉంటుందని సంతోషం కలిగింది. చిన్నపిల్లవాడికి కలిగే లాంటిది. దాన్ని నేను స్పష్టంగా గుర్తుపట్టాను.

భయపడ్డానని చెప్పుకుంటే తేలిక. భయం నిజమే. ఆ రోజుల్లో ఎవరు భయపడలేదు? భయపడ్డవాణ్ణి లోకం అర్థం చేసుకుంటుంది. కానీ భయం మాత్రమే అయితే, ఫొటోను ఎవరికీ తెలియకుండా ఆమె చేతిలో పెట్టొచ్చు కదా? నా పేరు చెప్పొద్దు వదినా అని అడిగితే ఆమె చెప్పేదా? ప్రాణం పోయినా చెప్పేది కాదు. ఈ ప్రశ్న నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి ఆగుతాను. ఇమాం తిరిగి వస్తే కెమెరా అతనిది. ఆ ఫొటో అతనిది. రాకపోతే... ఈ వాక్యం నేను ఆ రోజు మనసులో పూర్తి చేయలేదు. ఇవాళ కూడా చేయలేకపోతున్నాను. కానీ అది ఉంది.

విచారణ ఎక్కువ రోజులు సాగలేదు. శిక్ష పడింది. నా భార్య బెజవాడ నుంచి తిరిగి వచ్చి కెమెరాను చూసింది. "ఇమామన్నది గద ఇది, హుసేన్‌బీకి ఇయ్యరాదు?" అంది. ఆమే ఉంచమన్నది అన్నాను. అది నిజమే కదా. నిజం కూడా ఎంత పనికొచ్చిందో చూడండి. హుసేన్‌బీ దుకాణం ఖాళీ చేసి భువనగిరి వైపు వెళ్లిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

మళ్లీ ఫిల్ములు దొరకడం మొదలైంది. నేను ఆ కెమెరాతో ఊరంతా తిరిగాను. వందల ఫొటోలు తీశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మనుషులు లేరు. రెండేళ్ల తర్వాత ఊళ్లో కొందరు ఫొటోల సరదా ఉన్నవాళ్లు కలిసి ఒక ప్రదర్శన పెట్టారు. పంపడానికి నా దగ్గర చెప్పుకోదగింది ఏదీ లేదు. ఒకటి ఉంది. దాన్ని పెద్దది చేయించాను. ఇమాం ఉన్న వైపు కత్తిరించాను. కానీ చక్రం మీద అతని చెయ్యి పెళ్లికూతురికి మరీ దగ్గరగా ఉంది. ఆ నాలుగు వేళ్లు తీసేయాలంటే ఆమె భుజం పోతుంది. ఎవరో బండివాడి వేళ్లు అనుకుంటారులే అనుకున్నాను. కింద నా పేరు రాశాను. మొదటి బహుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ముహూర్తం ఎలా పట్టుకున్నారండీ అని ఒకాయన అడిగాడు. ఊరికే కుదిరిందండీ అన్నాను. నా భార్య దాన్ని పటం కట్టించి ముందు గదిలో వేలాడదీసింది.

మూడో ఏట చలికాలంలో ఒక ఉదయం తలుపు తట్టిన చప్పుడైంది. ఇమాం. మొదట గుర్తుపట్టలేదు. గడ్డం తెల్లబడింది. భుజాలు ముందుకు వంగిపోయాయి. అప్పుడెప్పుడో సాకుగా చెప్పిన ఛాతీ జబ్బు ఇప్పుడు నిజంగానే వచ్చింది. రెండు మాటలకోసారి దగ్గు. "బాగున్నవా తమ్మీ" అన్నాడు. లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నా భార్య నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగుతూ తలెత్తాడు.

గోడ మీద పటం అతనికి ఎదురుగా ఉంది.

నేను ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను. అతను గ్లాసు కింద పెట్టి లేచి పటం దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు. పెళ్లికూతురి నవ్వు చూశాడు. చక్రం చూశాడు. చక్రం మీద తన వేళ్లు చూసుకున్నాడు. కింద నా పేరు చదివాడు. తెలుగు అతనికి నాకన్నా బాగా వచ్చు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగొచ్చింది" అన్నాడు.

అంతే అన్నాడు. వెక్కిరింపు ఉందేమోనని ఆ మాటను నేను ఇన్నేళ్లూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. లేదు. అతను ఫొటో గురించే అన్నాడు. ఫొటో నిజంగా మంచిగా వచ్చింది, అది అతనికి తెలుస్తుంది, తెలిసిన వాడు చెప్పకుండా ఉండలేడు. అది నాకు తిట్టుకన్నా ఎక్కువైంది. నన్ను కొట్టి ఉంటే ఏదో ఒక లెక్క తీరేది.

పెట్టె తెరిచి దిల్‌రుబా, కెమెరా రెండూ తెచ్చి అతని ముందు పెట్టాను. అతను దిల్‌రుబా తీసుకున్నాడు. కెమెరా వైపు చూసి, నా వైపు చూసి, "ఇంక నాకు ఇది వద్దు. నాకు సూపు ఆనుతలేదు" అన్నాడు. అది నిజమో, నాకు వదిలేయడమో తెలియదు. వాకిట్లో ఒక్క క్షణం ఆగాడు. హుసేన్‌బీ ఎలా ఉందని అడగాలనుకున్నాను. అడగలేదు. దిల్‌రుబా చంకలో పెట్టుకుని, సందు చివర దాకా రెండుసార్లు ఆగి దగ్గుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేనూ వెళ్లలేదు. భువనగిరి ఎంత దూరం? రైల్లో ఒక పూట కూడా పట్టదు. రైల్వేలో పనిచేసేవాణ్ణి, పాసు ఉంది. ఆ రైలు ఎక్కలేదు.

నాలుగేళ్లకు అతను పోయాడని, ఒకప్పుడు అతని దగ్గర రిజిస్టర్లు కట్టించిన మా ఆఫీసు ప్యూను చెప్పాడు. ఛాతీ జబ్బుతో పోయాడట. అయ్యో అన్నాను. ఆ రోజు ఆఫీసులో మామూలుగా పని చేశాను. సాయంత్రం ఇంటికి వచ్చి పటం దించి, గోడకున్న మేకు పీకేశాను. ఎందుకు దించావని నా భార్య అడిగితే చెద పడుతోందన్నాను. ఆ తర్వాత ఫొటోలు తీయలేదు. హార్మోనియం ముట్టుకోలేదు. దీన్ని శిక్ష అనుకోకండి. చేతకాక మానేశాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కారణం చిన్నది. ఆ పాత ప్రదర్శన జరిపిన వాళ్ల సంఘం ఇప్పుడు ఒక సంచిక వేస్తోందట. బహుమతి వచ్చిన ఫొటోలన్నీ అచ్చు వేస్తారట. కార్యదర్శి మొన్న ఇంటికి వచ్చి, "మీ పెళ్లిబండి బొమ్మ గురించి నాలుగు వాక్యాలు రాసివ్వండి సార్, ఎప్పుడు తీశారు, ఎలా తీశారు" అని అడిగి వెళ్లాడు. కాగితం ముందు పెట్టుకున్నాను. ఎప్పుడు, ఎలా అని రాయబోతే చెయ్యి ఇటు తిరిగింది. నాలుగు వాక్యాలు ఇన్ని అయ్యాయి. ఇది వాళ్లకు ఇస్తానా? తెలియదు. ఇవ్వకపోతే ఇది కూడా ఆ ఒక్క నిమిషం లాంటిదే అవుతుంది. ఆ సంగతి తెలిసీ, తెలియదనే రాస్తున్నాను. నా నైజం మీకు అర్థమై ఉంటుంది.

హుసేన్‌బీ బతికి ఉందో లేదో తెలియదు. వాళ్ల కూతురు, అప్పటికి చిన్నపిల్ల, ఎక్కడో ఉండాలి. వాళ్లను వెతికి కాళ్ల మీద పడితే నా బరువు దిగుతుందేమో. వాళ్లకు మిగిలేది ఏమిటి? ఇన్నేళ్ల తర్వాత ఒక ముసలివాడి ఏడుపు. అయినా ఈ మాట కూడా పిరికివాడి మాటేనేమో. దేన్ని తర్కం అంటున్నానో, దేన్ని తప్పించుకోవడం అంటున్నానో నాకే తేడా తెలియడం మానేసి చాలాకాలమైంది.

ఒక్కటి మాత్రం చేయగలను. ఆ రోజు విచారణ జరిగిన గదిలో నిలబడి చెప్పాల్సింది ఇక్కడ చెప్పగలను. అక్కడ అడిగేవాళ్లు ఇప్పుడు లేరు, వినాల్సినవాడు లేడు. అయినా చెబుతాను.

కట్టెల అడితి తగలబడిన పొద్దున ఇమాం నాతో ఉన్నాడు. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఉన్నాడు. మేమిద్దరం కాప్రా చెరువు దగ్గర ఉన్నాం. పది గంటల వేళ అతను బురదలో దిగబడ్డ ఒక పెళ్లిబండి చక్రానికి భుజం పట్టాడు. నేను కళ్లారా చూశాను. వచ్చేటప్పుడు దూరంగా పొగ చూశాం. తారీకు నాకు బాగా జ్ఞాపకం ఉంది. రీలు ఖరాబు కాలేదు.